చింతపండుతో కడిగిన మొహం

పోయిన వారం జమునను వంటింటి సింకు ముందు, చేతిలో ఒక తలకాయతో నిలబెట్టి మనం మన పనులు చూసుకోవడానికి వెళ్లిపోయాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కుళాయి కారుతూనే ఉంది. కంగారులో దాన్ని కట్టేయాలని కూడా తోచలేదు.

తలకాయంటే హడలిపోకండి, అది పింగాణీది. గల్ఫులో, జుఫైర్‌లో ఎత్తైన టవర్‌లో, జమున పనిచేసే అరబ్బు యజమాని యూసుఫ్ బాబా ఫ్లాటు ఉంది కదా, అందులో ఒక గది నిండా ఇలాంటి తలకాయలే. యుద్ధం రోజుల్లో ఇంగ్లండు జనం రేడియోలో విని, సినిమాల్లో చూసి నవ్వుకున్న మనుషుల మొహాలను అక్కడి పింగాణీ పనివాళ్లు జగ్గులుగా పోశారు. టోపీ అంచులోంచి పాలు వంచుకోవచ్చు, చెవి వెనక పట్టుకోవడానికి పిడి. మనిషెవరో పిడిని చూసి గుర్తుపట్టాలి. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పాటలు పాడే రుమాలు పిల్లకు పిడి ఒక మైకు. కొంటె నావికుడికి లంగరు. బాబా ప్రాణమంతా మాత్రం వార్డెన్ మీదే. బాంబుల విమానాలు వచ్చే రాత్రుల్లో "దీపాలార్పండి!" అని వీధి వీధీ అరుస్తూ తన నోట్లో సిగరెట్టు ఆర్పడం మరిచిపోయే రేడియో నాటకం వార్డెన్ ఆయన. ఆయన పిడి ఒక ఈల.

నల్ల మీసం, ఆకుపచ్చ హెల్మెట్టు పెట్టుకున్న వార్డెన్లు లోకంలో కొల్లలు. తెల్ల మీసంతో, బూడిద రంగు హెల్మెట్టు మీద బంగారు బిళ్లతో ఉన్నవాళ్లు మాత్రం బహు అరుదు. అవి చేస్తుండగానే పనివాళ్లు యుద్ధానికి పోవడంతో ఆగిపోయాయట. ఓడరేవులో గుమస్తాగా చేసిన బాబా తండ్రికి ఒక ఇంగ్లీషు దొర వెళ్లిపోతూ అలాంటిదొకటి ఇచ్చి వెళ్లాడు. ఈ కథను బాబా వచ్చిన ప్రతి అతిథికీ చెబుతాడు. టీ కప్పులు అందిస్తూ అందిస్తూ జమునకు కూడా నోటికి వచ్చేసింది.

ఇక ఇవాళ లండన్ నుంచి పాత జగ్గులను పరీక్షించి విలువ కట్టే పెద్దమనిషి వస్తున్నాడు, బాగా శుభ్రం చెయ్యమన్నాడు బాబా. రోజూ పొడిగుడ్డతో తుడిచే జమునకు వార్డెన్ టోపీ మీద బంగారు బిళ్ల నల్లబడినట్టు కనిపించింది. పచ్చగా మెరిసేది నల్లబడితే మెట్‌పల్లి వైపు పల్లెలో పెరిగిన ఆడమనిషి చెయ్యి ఎటు పోతుంది? చింతపండు డబ్బా వైపే పోతుంది. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, ఉప్పు కలిపి రుద్దింది. బంగారు బిళ్ల పోయింది. బూడిద రంగు పోయి ఆకుపచ్చ తేలింది. తెల్ల మీసం గుజ్జుతో పాటే సింకులోకి జారిపోయి, కింద నుంచి నిగనిగలాడే నల్ల మీసం బయటికి వచ్చింది. అప్పుడే వెనక అడుగుల చప్పుడు అయింది.

వచ్చింది బాబా కాదు, జస్వంత్.

జస్వంత్‌ది కాకినాడ. బాబా ఆఫీసు పనులూ, పాస్‌పోర్టులూ, వీసాలూ అన్నీ ఆయన చేతిలోనే. అరబిక్, ఇంగ్లీషు, హిందీ, తెలుగు నాలుగింటిలోనూ తియ్యగా మాట్లాడతాడు. ఏ భాషలో నిజం చెబుతాడో మాత్రం ఇంతవరకు ఎవరికీ తెలియదు. ఇంట్లో అడుగుపెట్టక ముందే ఆయన అత్తరు అడుగుపెడుతుంది. అంత కంగారులో ఉండబట్టి జమునకు ఈ పూట అది కూడా తెలియలేదు.

"కావాలని జెయ్యలే సార్," అంది జమున. "ఇత్తడనుకున్న. మీ కాళ్లు మొక్కుత. బాబాకు నేనే చెప్పుకుంట."

జస్వంత్ అరుస్తాడనుకుంది. అరవలేదు. వచ్చి కుళాయి కట్టేశాడు. వెనక్కి వెళ్లి వంటింటి తలుపు మెల్లగా మూశాడు.

"ఎవరైనా చూశారా?"

"లేదు సార్. బాబా నమాజుల ఉన్నడు."

"మంచిది," అని ఊపిరి వదిలాడు.

జమునకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. తిడతాడనుకున్నవాడు తిట్టకపోతే, కొడతాడనుకున్నవాడు కొట్టకపోతే, మనిషి కడుపులో ఏదో ఉన్నట్టే లెక్క. తప్పు చేసింది తానైతే ఆయనెందుకు తలుపు మూసినట్టు? సింకు అంచు గట్టిగా పట్టుకుంది.

"చూడు జమునా, నేను చెప్పినట్టు చేస్తే నీకేమీ కాదు," అన్నాడు జస్వంత్, చంటిపిల్లకు మందు పట్టే గొంతుతో. "లండన్ ఆయన హాల్లో కూర్చున్నారు. బాబా నమాజు అవగానే ఇద్దరూ జగ్గుల గదిలోకి వస్తారు. నువ్వు దీని మీద గుడ్డ కప్పి ట్రేలో పట్టుకురా. గుమ్మం దగ్గర కాలు తట్టుకో. చెయ్యి జారింది బాబా అను. అంతే."

"పల్గగొట్టాల్నా?"

"ఎలాగూ పాడైపోయింది కదా! రంగు పోయినదాన్ని చేతికిస్తే బాబా తట్టుకుంటారా? పగిలిందనుకో, అది పొరపాటు. పొరపాటుని క్షమిస్తారు. ముక్కలు నేను ఏరేస్తాను."

మాట సబబుగానే ఉంది. ఒక్క క్షణం జమున ఒప్పుకుంది కూడా. పక్కకు చూసింది. ఆరబెట్టిన గుడ్డ మీద రుమాలు పిల్ల కూర్చుని ఉంది. వార్డెన్ కంటే ముందు ఆమెను కూడా అదే చింతపండుతో కడిగింది. చుక్కల రుమాలు చుక్కల రుమాలు లాగే ఉంది. పెదవుల ఎరుపు పెదవుల మీదే ఉంది.

జమున వేలికి ఇంత గుజ్జు తీసుకుని రుమాలు పిల్ల పెదవుల మీద రుద్దింది. గట్టిగా రుద్దింది. ఎరుపు కదల్లేదు.

"గీమెది పోతలేదు సార్," అంది. "వార్డెన్‌దే ఎందుకు పోయింది?"

జస్వంత్ రుమాలు పిల్లను ఆమెకు అందనంత దూరం జరిపాడు.

"బాబా ఎప్పుడు చెప్పేది గదే గద. రంగేసి బట్టీల కాలుస్తరు, నూరేండ్లయినా పోదని. గిది పోయిందంటే కాల్చినంక ఎవలో పైనుంచి పూసిన్రు. నల్ల మీసమాయనకు తెల్ల మీసం పూసి పెట్టిన్రు." మాట నోట్లోంచి బయటికి వస్తుంటేనే ఆమెకు అర్థమవుతోంది. "సార్, మరి బాబాది అసలు జగ్గేది?"

తేలు కుట్టిన దొంగను ఎప్పుడైనా చూశారా? కిక్కురుమనడు. జస్వంత్ అలా నిలబడ్డాడు కాసేపు. తరువాత మొహంలో నవ్వు తీసేశాడు. అది తీసేస్తే ఆ మొహం ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో జమున చూడలేదు.

"రంజాన్ నెలలో ఒక అట్టపెట్టె వెళ్లింది ఈ ఇంట్లోంచి. గుర్తుందా?"

గుర్తుంది. మోసుకెళ్లింది లింబాద్రి, జమున పెనిమిటి. బాబాకు సల్మాబాద్‌లో ఒక గోదాము ఉంది. లింబాద్రి అక్కడ సామాన్ ఎత్తి దించే పని చేస్తాడు, పక్కనే కూలీల క్యాంపులో ఉంటాడు. భార్యాభర్తలిద్దరి వీసాలూ బాబా పేరు మీదే. శుక్రవారం శుక్రవారం కలుసుకునే కాపురం వాళ్లది. ఆరోజు పెట్టెను లింబాద్రి భుజానికెత్తింది జస్వంత్. లిఫ్టు బటన్ నొక్కింది జమున. "గాజు సామానట, పయిలం" అని పెనిమిటికి జాగ్రత్త చెప్పింది కూడా తానే.

"లిఫ్టులో కెమెరా ఉంది," అన్నాడు జస్వంత్. "పెట్టె ఇచ్చింది ఎవరో కెమెరాకి తెలీదు. మోసుకెళ్లింది ఎవరో మాత్రం బాగా తెలుసు."

"నీ పాపం ఆయన నెత్తిన రుద్దుతవా?" సార్ అనే మాట జమున నోటికి రాలేదు. మీరు అనే మాట కూడా పోయింది. "దొర తీర్గ తిరుగుతవ్, నీకేం తక్వైంది? ఆయన నోట్ల నాలుక లేనోడు. నువ్వు మొయ్యమన్నవ్, మోసిండు!"

"మెల్లగా. నేనేమీ రుద్దటం లేదు. జగ్గు పగిలితే ఎవరి మీదా ఏమీ రుద్దక్కర్లేదు. పగిలినదానికి మీసం తెలుపో నలుపో ఎవరూ చూడరు. నీ మొగుడు నీకుంటాడు, నా ఉద్యోగం నాకుంటుంది." చొక్కా కాలరు సర్దుకున్నాడు. "టీ వస్తోందని చెబుతాను. ఎక్కువసేపు నిలబడకు."

తలుపు మళ్లీ మెల్లగా మూసుకుంది.

కంచే చేను మేస్తే చెప్పుకునేది ఎవరికి? బాబాకు చెప్పాలి. చెబితే బాబా అడిగేది జస్వంత్‌నే. బాబాకు హిందీ వచ్చినంత మాత్రాన సరిపోదు. టీ, రొట్టె, మందు బిళ్లల వరకే ఆయన హిందీ. అంతకు మించి పనివాళ్లు ఏం చెప్పుకోవాలన్నా జస్వంత్ నోటి గుండానే పోవాలి. ఇన్నాళ్లూ అది ఒక సదుపాయం అనుకుంది జమున. ఇవాళ ఆ నోరే ఆమెకు అడ్డుగోడ.

జైలు అనే మాట ఆమె మనసులోకి రాకూడదనుకున్నా వచ్చింది. క్యాంపులో ఎవరి మీదో దొంగతనం కేసు పెడితే ఏమయిందో లింబాద్రి ఒకసారి చెప్పాడు. దేశం దాటనివ్వరు, పని చెయ్యనివ్వరు, కేసు ఎప్పటికి తెగుతుందో తెలియదు. ఆ మనిషి ఎవరి దగ్గరా తలెత్తలేకపోయాడట. లింబాద్రి అలాంటి వాటికి ఓర్చుకోలేడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే చేతులు కట్టుకుని నిలబడిపోయే మనిషి. పోలీసు అడిగితే, భయంతో, చేయని పనికి కూడా అవునంటాడు.

సరే, పగలగొడదాం అనుకుంది. పగిలితే పగిలింది. జగ్గును రెండు చేతులతో ఎత్తింది. నల్ల మీసాల వార్డెన్ నోరు తెరుచుకుని ఆమె మీదికి అరుస్తున్నట్టే ఉన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. లింబాద్రి!

"ఏం జేస్తున్నవే?" అన్నాడు హుషారుగా.

"ఏమయ్యా, ఒక్క మాట చెప్పు. రంజాన్ల సార్ ఇచ్చిన డబ్బ ఎవలకిచ్చినవ్?"

"ఎవలకియ్యలే. నా మంచం కిందనే ఉండె గద. అడిగినప్పుడు తెమ్మన్నడు సార్. మా రూమోళ్లను సుత ముట్టనియ్యలే, బాబా సామానని."

"విప్పి చూసినవా?"

"పరాయి సామాను ఎందుకు విప్పుతనే? పొద్దుగాల సార్ ఫోన్ జేసిండు. ఇయ్యాల బాబా ఇంటికి సుట్టమొస్తుండు, ఆ డబ్బ నువ్వే తెచ్చి బాబా చేతుల వెట్టు, మస్తు సంబురపడ్తడు అన్నడు. గోదాం బండి మీద వచ్చిన. కింద వాచ్‌మన్ కాడ ఉన్న. నీకు చెప్పకుంట వద్దామనుకున్న గని, ఆగలేకపోయిన."



"రాకు! ఏమయ్యా, నా మాట ఇను. పైకి రాకు. ఆ డబ్బ ఆడనే వెట్టి పో."

"గదేందే! బాబా చేతుల వెట్టుమంటే వాచ్‌మన్ కాడ వెట్టి పోతనా? నీకేమైంది? ఆఁ, గిదో, పేరు రాయమని వాచ్‌మన్ పిలుస్తున్నడు," అని పెట్టేశాడు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. చేతిలో పెట్టె ఉన్న మనిషి ఫోన్ ఎలా ఎత్తుతాడు?

ఇప్పుడు మొత్తం కనిపించింది జమునకు. అమ్ముకుందామని తీసిన జగ్గు జస్వంత్‌కు ఎందుకో అమ్ముడుపోలేదు. లండన్ ఆయన చూస్తే పూత బయటపడుతుంది. అందుకని అసలు జగ్గును లింబాద్రి చేతుల్లోంచే ఇంటికి రప్పిస్తున్నాడు. జగ్గు బాబాకు దొరుకుతుంది, దొంగ కూడా దొరుకుతాడు, పట్టించినవాడు జస్వంత్ అవుతాడు. ఇక తాను గుమ్మంలో దీన్ని పగలగొడితే మొగుడి దొంగతనం దాచడానికి పెళ్లాం నకిలీని పగలగొట్టిందంటారు. తప్పించుకునే దారి అని జస్వంత్ చూపించింది ఉరితాడు.

జగ్గు మీద గుడ్డ కప్పింది. పట్టుకుని వీధి తలుపు వైపు నడిచింది. లిఫ్టు దగ్గరే లింబాద్రిని ఆపాలి. హాలు సగం దాటింది. జస్వంత్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఇటు," అన్నాడు నవ్వుతూ. "బాబా ఎదురుచూస్తున్నారు."

జగ్గుల గదిలో అరల నిండా మొహాలు. కిటికీ అవతల నేవీ ఓడలు బూడిద రంగులో నిలబడి ఉన్నాయి. లండన్ పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. బాబా చేతికర్ర కుర్చీకి ఆనించి, రెండు చేతులూ ముందుకు చాచాడు. పసిబిడ్డను అందుకునేవాళ్లు చాచినట్టు చాచాడు.

గుమ్మం వచ్చింది. జస్వంత్ ఆమె కాళ్ల వైపు చూశాడు. జమున కూడా తన కాళ్ల వైపే చూసుకుంది. కుడికాలు ఎత్తింది, అవతల పెట్టింది. ఎడమకాలు కూడా దాటించింది. తట్టుకోలేదు. జగ్గును బల్ల మీద పెట్టి గుడ్డ తీసింది.

బాబా చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. తండ్రి కుర్చీలో ఎవరో పరాయివాడు కూర్చుంటే చూసినట్టు చూశాడు. బొటనవేలితో ఆ నల్ల మీసం తడిమాడు. లండన్ ఆయన జగ్గు అందుకుని, హెల్మెట్టు అంచున మిగిలిన బూడిద రంగును గోటితో గీకాడు. పెచ్చు ఊడి వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బాబా," అంది జమున. వచ్చిన నాలుగు హిందీ మాటలూ కూడదీసుకుంది. "యే అస్లీ నహీ. అస్లీ జస్వంత్ సాబ్ లేకే గయా. మేరా ఆద్మీ కుచ్ నహీ జాన్తా." ఇది అసలుది కాదు, అసలుది తీసింది జస్వంత్, నా మనిషికి ఏమీ తెలియదు. చెప్పేసింది! ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆమె అంత పెద్ద మాట చెప్పడం అదే మొదలు.

బాబా కనుబొమలు ముడిచాడు. కొంత అర్థమైంది, కొంత కాలేదు. అలవాటుగా, పాపం, అలవాటుగానే, జస్వంత్ వైపు తిరిగి ఏమంటోందని అరబిక్‌లో అడిగాడు.

జస్వంత్ తొందరపడలేదు. తల వంచుకుని, బాధగా, చాలాసేపు చెప్పాడు. జమునకు ఆ భాషలో పట్టుమని పది మాటలు తెలియవు. తెలిసినవి రెండే వినబడ్డాయి. ఒకటి లింబాద్రి. రెండోది హరామీ. అక్కడ ఆ మాటకు దొంగ అని అర్థం, క్యాంపుల్లో అందరికీ తెలుసు.

"నహీ బాబా! ఝూట్! ఝూట్ బోల్తా!" అబద్ధమని అరిచింది జమున. బాబా ఆమె వైపు చూడలేదు. నల్ల మీసం వైపే చూస్తున్నాడు. ఆయన గడ్డం వణుకుతోంది.

"ఎందుకు అరుస్తావు?" అన్నాడు జస్వంత్ తెలుగులో, ఎవరికీ అనుమానం రాని మెత్తని గొంతుతో. "నేను చెబితే నమ్ముతారా లేదా అని నాకూ బెంగగానే ఉంది. అందుకే, కాసేపట్లో కళ్లతో చూద్దురుగాని అని చెప్పాను."

వీధి తలుపు బెల్లు మోగింది.

ఎవరూ కదల్లేదు. బెల్లు మళ్లీ మోగింది. బాబా కర్ర అందుకుని దాని కొనతో తలుపు వైపు చూపించాడు. ఆ ఇంట్లో బెల్లు మోగితే తలుపు తీయాల్సింది జమునే. జస్వంత్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. బాబా కర్ర ఆనుకుని ఆమె వెనకే లేచాడు, లండన్ ఆయన కూడా లేచాడు. ముగ్గురి అడుగులూ వెనక వినబడుతుంటే జమున హాలు దాటింది. గడియ మీద చెయ్యి వేసింది. తీయలేకపోయింది.

"జల్ది తియ్యే," అన్నాడు అవతల నుంచి లింబాద్రి, నవ్వుతూ. "చేతులు గుంజుతున్నయ్."